'నరాల బలహీనత' అనే మాట వెనక ఏముంది?

రాత్రి తొమ్మిదిన్నర దాటాక, షట్టర్ సగం దించే వేళకి వస్తారు. కౌంటర్ దగ్గర ఇంకెవరైనా ఉంటే పక్కకి తప్పుకుని సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. అందరూ వెళ్లాక జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి, పేరు చెప్పకుండా నా ముందు పెడతారు. అదీ లేనివాళ్లు గొంతు తగ్గించి, "నరాల బలహీనతకి ఏదైనా మంచి మాత్ర ఇయ్యి బావూ" అంటారు. శ్రీకాకుళంలో మందుల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ మాట వినని వారం నాకు లేదు.

అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మనం 'నరం' అన్న మాటని రెండు వస్తువులకి వాడతాం. సెలైన్ ఎక్కించే నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటే ఆమె వెతికేది రక్తనాళం కోసం. నడుం పట్టేసినవాడు "నరం లాగుతోంది" అంటే అది నాడి, మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది. అంగం గట్టిపడాలంటే ఈ రెండూ బాగుండాలి. కానీ నలభై దాటిన మగవాళ్లలో ఎక్కువగా దెబ్బతినేది రక్తనాళం. మనవాళ్లు మాత్రం 'నరాల బలహీనత' అనుకుని బి-విటమిన్ మాత్రలు, బలం టానిక్కులు కొనుక్కుపోతారు. ఏడాది గడిచిపోతుంది. రక్తనాళంలో జరిగేది జరుగుతూనే ఉంటుంది.

అంగం లోపల పొడవునా స్పాంజి లాంటి గొట్టాలు రెండు ఉంటాయి. కోరిక కలిగినప్పుడో, స్పర్శ తగిలినప్పుడో అక్కడి నాడుల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాంతో ధమని గోడల్లోని కండరం వదులవుతుంది, రక్తం వేగంగా లోపలికి వస్తుంది. స్పాంజి ఉబ్బి, రక్తాన్ని బయటికి తీసుకుపోయే సన్నటి సిరల్ని చుట్టూ ఉన్న గట్టి పొరకేసి అదుముతుంది. అప్పుడు వచ్చిన రక్తం వచ్చినట్టే నిలుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలకి ఇలా కబురు మోస్తుందని కనుగొన్నందుకే రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన ఊరి చెరువునే తీసుకోండి. గెడ్డ(వాగు)లోంచి నీరు రావాలి. మదుము (తూము) మూసి ఉండాలి. వేళకి ఆ పని చూసే మనిషి ఉండాలి. చెరువు నిండలేదంటే గెడ్డ పూడిందా, మదుము కారుతోందా, మనిషే రాలేదా అని ముగ్గురు పెద్దలు వెళ్లి చూసి వస్తారు. ఇక్కడ గెడ్డ ధమని, మదుము సిర, మనిషి నాడి. డాక్టరు చేసే పరీక్ష మొత్తం ఆ చూసి రావడమే.

అంతకన్నా ముందు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. నా దగ్గరికి 'మగతనం తగ్గింది' అని వచ్చేవాళ్లందరిదీ ఒకే సమస్య కాదు. ఒకరికి కోరికే పుట్టదు. ఒకరికి కోరిక ఉంటుంది, అంగం గట్టిపడదు. ఇంకొకరికి గట్టిపడుతుంది, వీర్యం చాలా తొందరగా పడిపోతుంది. మరొకరికి అన్నీ బాగానే ఉన్నాయి, పిల్లలు పుట్టలేదు. ఈ నాలుగూ వేరు వేరు, వైద్యాలూ వేరే. స్తంభన, అంటే అంగం గట్టిపడటం, బాగున్నవాడికి వీర్యకణాలు తక్కువ ఉండొచ్చు. స్తంభన లేనివాడికి వీర్యకణాలు నిండుగా ఉండొచ్చు. ఇవన్నీ ఒకే మూటలో కట్టి ఒకే మాత్ర అడిగితే, ఎవరికీ సరైనది దొరకదు.

కుర్రాళ్లలో ఇంకో భయం ఉంటుంది. మూత్రంలో ధాతువు పోతోందని, హస్తప్రయోగం వల్ల ఒంట్లో సారమంతా పోయిందని. ఈ బాధని డాక్టర్ ఎన్. ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టి వర్ణించారు. వీర్యం ఎప్పటికప్పుడు తయారవుతుంది, ఒంట్లో దాచుకునే మూలధనం కాదు. హస్తప్రయోగం వల్ల స్తంభన దెబ్బతినదు. దెబ్బతీసేది ఆ భయమే.

ఒక్క రాత్రి కుదరకపోతే అది జబ్బు కాదు. అలసట, ఎక్కువైన తాగుడు, ఇంట్లో గొడవ, ఏదైనా కారణం కావొచ్చు. మూడు నెలలుగా ఇదే జరుగుతుంటే, లేదా చాలాసార్లు జరుగుతుంటే స్తంభన లోపం అంటారు. ఇదేమీ ఎవరికో ఒకరికి వచ్చేది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో నలభై నుంచి డెబ్బై ఏళ్ల మగవాళ్ల మీద చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో 52 శాతం మందికి ఎంతో కొంత మేర ఈ ఇబ్బంది ఉంది. స్తంభన పూర్తిగా లేనివాళ్లు సుమారు 10 శాతం. వీధిలో ఎదురుపడే నడివయసు వాళ్లలో ఎంతమంది ఈ బాధతో ఉన్నారో ఊహించుకోవచ్చు. ఒకరికొకరు చెప్పుకోరు, అంతే.

డాక్టరు ముందుగా అడిగే ప్రశ్న చాలామందికి వింతగా ఉంటుంది: "తెల్లారి లేచేసరికి గట్టిగా ఉంటోందా?" ఆరోగ్యవంతుడికి నిద్రలో, కలలు వచ్చే వేళల్లో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు దానంతట అదే స్తంభన జరుగుతుంది. అది జరుగుతోందంటే గెడ్డ, మదుము చాలావరకు పనిచేస్తున్నట్టే. అప్పుడు ఇబ్బంది మనసులోనో, ఆ సందర్భంలోనో ఉందని అనుమానించాలి. తెల్లవారుజామున కూడా మునుపటిలా లేదు, మెల్లమెల్లగా రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది అంటే రక్తనాళాల వైపు చూడాలి. హఠాత్తుగా మొదలైందా, మెల్లగానా. భార్య దగ్గరే ఇలా ఉందా, ఒంటరిగా ఉన్నా అంతేనా. ఈ మూడు నాలుగు జవాబులు ఏ స్కాన్ కన్నా ముందు దారి చూపిస్తాయి.

ఎచ్చెర్ల తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్లే కుర్రాడిని తలుచుకోండి. నెలల తరబడి బోటు మీద. ఇంటికొచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఉండేది కొద్ది రోజులు. ఇంటినిండా చుట్టాలు, చిన్న ఇల్లు, పక్కగదిలో అమ్మానాన్నలు. మొదటి రాత్రి కుదరదు. రెండో రాత్రి 'ఈసారైనా అవుతుందా' అన్న టెన్షన్‌తో మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో ఒంట్లోకి అడ్రినలిన్ వస్తుంది, అది రక్తనాళాల్ని బిగిస్తుంది. అంగంలోకి రక్తం రాదు. మూడో రాత్రికి అతను తన మీద తనే కాపలా కాస్తుంటాడు. హైదరాబాద్, చెన్నైలకి కట్టడం పనులకి వెళ్లి పండక్కి వచ్చేవాళ్లదీ ఇదే కథ. 'అంతా మనసులోదేలే' అని కొట్టిపారేసేవాళ్లకి నేను చెప్పేదొకటే: మనసులో పుట్టినా, జరిగేది రక్తనాళంలోనే. అది నిజమైన ఇబ్బందే, నిజమైన వైద్యమే కావాలి. ఇలాంటివాళ్లకి సైకియాట్రిస్టు దగ్గర భార్యాభర్తలిద్దరికీ కలిపి చేసే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. అందులో మొదటి షరతు, కొన్ని వారాలు కలయిక అసలు పెట్టుకోవద్దు, ముట్టుకోవడం వరకే అని. పరీక్ష లేనప్పుడు భయం కూడా తగ్గుతుంది. కొందరికి కొన్నాళ్లు మాత్ర కూడా తోడిస్తారు, ధైర్యం కోసం.

ఇక మెల్లగా తగ్గుతూ వచ్చినవాళ్ల సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వీళ్లే. అంగంలోకి వెళ్లే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గుండెకి రక్తం ఇచ్చేది మూడు నాలుగు మిల్లీమీటర్లు. షుగరు, బీపీ, కొలెస్టరాల్, చుట్ట, బీడీ కలిసి ఒంట్లోని ధమనులన్నిటినీ ఒకేసారి పాడుచేస్తుంటే, ముందు పూడేది సన్నగా ఉన్నదే. గుండెజబ్బు బయటపడేవాళ్లలో చాలామందికి అంతకు రెండు నుంచి ఐదేళ్ల ముందే స్తంభన లోపం మొదలై ఉంటుంది. అంటే ఒళ్లు ముందుగానే కబురు పంపింది. ఆ కబురు అందుకున్న మనిషి సిగ్గుపడి, రాత్రి తొమ్మిదిన్నరకి నా షాపుకి వచ్చి, మాత్రతో దాని నోరు మూయించాలని చూస్తాడు.

అందుకే ఈ సమస్యతో వచ్చినవాడికి డాక్టరు ముందు చేయి పట్టి బీపీ చూస్తారు. నడుం చుట్టుకొలత చూస్తారు. పరగడుపున షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రాస్తారు. కోరిక కూడా తగ్గిందంటే టెస్టోస్టిరాన్ చూస్తారు. ఆ రక్తం పొద్దున్నే, పదకొండు లోపు ఇవ్వాలి, సాయంత్రానికి ఆ హార్మోను సహజంగానే పడిపోతుంది. తక్కువ వస్తే ఇంకోరోజు మళ్లీ చేయించి గానీ నమ్మకూడదు. అవసరమైతే ప్రోలాక్టిన్ అనే ఇంకో హార్మోను, థైరాయిడ్. అంగానికి సూది వేసి, రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. కుర్రవాడికి దెబ్బ తగిలాక మొదలైతేనో, మాత్రలు పనిచేయకపోతేనో యూరాలజిస్టు రాస్తారు. వచ్చీరాగానే వేల రూపాయల స్కాన్లు రాసే చోట జాగ్రత్తగా ఉండండి. షుగరు, బీపీ పరీక్షలైతే మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అవుతాయి.

షుగరు ఉన్నవాళ్లలో ఈ ఇబ్బంది, షుగరు లేనివాళ్ల కన్నా మూడింతలు ఎక్కువ. రావడం కూడా పది పదిహేనేళ్లు ముందే వస్తుంది. షుగరు ధమనినీ పాడుచేస్తుంది, నాడినీ పాడుచేస్తుంది, అందుకే వీళ్లకి మాత్రలు కూడా మిగతావాళ్లంత బాగా పనిచేయవు. షుగరు ఉందని తెలియని మనిషికి దాన్ని మొదట బయటపెట్టేది ఇదే కావడం నేను చాలాసార్లు చూశాను.

వాడే మందుల వల్ల కూడా కావొచ్చు. బీపీకి వాడే అటినొలాల్, హైడ్రోక్లోరోథయజైడ్, దిగులుకి ఇచ్చే కొన్ని మాత్రలు, మానసిక రోగాలకి వాడే రిస్పెరిడోన్ లాంటివి. విజయనగరంలో జూట్ మిల్లులో పనిచేసిన మా చుట్టం ఒకాయన ఇది ఎవరో చెప్పగా విని, బీపీ మాత్ర తనంతట తనే మానేశాడు. స్తంభన రాలేదు, నెల తిరగకుండా బీపీ మాత్రం బాగా పెరిగి ఆసుపత్రిలో పడ్డాడు. చేయాల్సింది మానేయడం కాదు, డాక్టరుకి చెప్పి మార్పించుకోవడం. ఈ ఇబ్బంది తక్కువగా ఉండే బీపీ మందులు చాలానే ఉన్నాయి.

మన జిల్లాలో మాట్లాడుతూ ఉద్దానం గురించి చెప్పకపోతే తప్పు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల మధ్య ఇన్ని కుటుంబాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. క్రియాటినిన్ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, డయాలసిస్ వారానికి ఎన్నిసార్లు అన్నది ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ మగవాళ్లలో సగానికి పైగా అనుభవించే స్తంభన లోపం గురించి ఎవరూ అడగరు. నడివయసు రైతు, కూలీ, నలభై ఏళ్లకే. కిడ్నీలు పాడైతే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది, ప్రోలాక్టిన్ పెరుగుతుంది. రక్తం తక్కువై నీరసం వస్తుంది. బీపీ, దాని మందులు సరేసరి. నాడులు దెబ్బతింటాయి. ఆపైన, రేపు ఎలా ఉంటామో అన్న దిగులు. అన్ని దారులూ ఒకేసారి మూసుకుపోతాయి.

డయాలసిస్ మీద ఉన్న ఒకాయన నాతో అన్నాడు: "పేనం నిలబడితే సాలు కదా, ఈ గోలెందుకు అంటారని డాక్టరుకి సెప్పలేదు." ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. బతకడానికి పోరాడుతున్నంత మాత్రాన భార్యతో దగ్గరగా ఉండాలన్న కోరిక తప్పు కాదు. చెప్పుకుంటే వైద్యం కూడా ఉంది. రక్తహీనత సరిచేస్తే ఓపిక పెరుగుతుంది, కిడ్నీ మార్పిడి తర్వాత కొందరికి మెరుగవుతుంది, మాత్రలు కూడా వాడొచ్చు. అయితే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి సిల్డెనాఫిల్ (వయాగ్రా పేరుతో వచ్చిన మాత్ర) చిన్న మోతాదుతో, 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అదే జాతి మాత్ర టడలాఫిల్‌ని రోజూ వేసుకునేలా సాధారణంగా ఇవ్వరు. అది కిడ్నీ డాక్టరు చెప్పాల్సిందే గానీ, నాలాంటివాడు కౌంటర్ మీంచి ఇవ్వాల్సింది కాదు.

ఇంతకీ ఆ మాత్ర. ఇంగ్లండ్‌లోని సాండ్‌విచ్ ఊళ్లో ఫైజర్ ప్రయోగశాలలో సిల్డెనాఫిల్‌ని గుండెనొప్పి కోసం పరీక్షించారు. గుండెకి పెద్దగా పనిచేయలేదు, వేసుకున్నవాళ్లు స్తంభన గురించి చెప్పారు. 1998 మార్చి 27న అమెరికాలో దానికి వయాగ్రా పేరుతో అనుమతి వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటిలో టడలాఫిల్ ముఖ్యమైనది. ఇవి కోరికని పుట్టించవు. కోరిక కలిగి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలయ్యాక, దాని పని తొందరగా ఆగిపోకుండా చూస్తాయి, అంతే. మనిషి గెడ్డ తీయకపోతే ఈ మాత్ర నీళ్లు తేలేదు.

"వేసుకున్నా పనిచేయలేదు" అని తిరిగి వచ్చేవాళ్లని కూర్చోబెట్టి అడిగితే తప్పు చాలావరకు వాడటంలోనే ఉంటుంది. పెళ్లి భోజనం, వేట మాంసం తిన్నాక సిల్డెనాఫిల్ వేసుకుంటే అది రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. గంట ముందు, తేలికపాటి కడుపుతో వేసుకోవాలి. నాలుగైదు గంటలు ఉంటుంది. టడలాఫిల్‌కి తిండితో పేచీ లేదు, ముప్పై ఆరు గంటల వరకు ప్రభావం ఉంటుంది. ఒక్కసారి వేసి వదిలేయకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో వేర్వేరు రోజుల్లో ఆరేడుసార్లైనా చూశాకే పనిచేయలేదని తేల్చాలి. తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ మామూలే. స్తంభన నాలుగు గంటలు దాటినా దిగకపోతే మాత్రం సిగ్గుపడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పదేళ్ల కిందట ఒకాయన నెలకి రెండుసార్లు వచ్చి ఈ మాత్ర తీసుకెళ్లేవాడు. డాక్టరు చీటీ లేదు, నేనూ అడగలేదు. ఒకరోజు ఆయన భార్య చీటీ పట్టుకుని నెలకి సరిపడా మందులు కొనడానికి వచ్చింది. అందులో సోర్బిట్రేట్ ఉంది. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఆమె వెళ్లిపోయాక గానీ, ఆ చీటీ మీది పేరు ఎవరిదో నాకు తట్టలేదు. ఈ రెండు మాత్రలూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో సోర్బిట్రేట్ గానీ, ఆ జాతి మందు ఇంకేదైనా గానీ తీసుకోకూడదు. ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్లి, బయటికి పిలిచి చెప్పాను. ఆయన అదృష్టం, నా అదృష్టం, ఏమీ జరగలేదు. ఇది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. చట్టం ముందునుంచీ ఆ మాటే చెప్తోంది, నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి ఎంత బతిమాలినా చీటీ లేకుండా ఇవ్వను.

ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ వాడేవాళ్లు కూడా డాక్టరుకి చెప్పే వాడాలి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకి కలయికే మంచిది కాదన్న భయం ఒకటుంది. ఇరవై నిమిషాల్లో మైలు దూరం ఆయాసం, నొప్పి లేకుండా నడవగలిగితే సాధారణంగా గుండె దానికి తట్టుకుంటుంది.

గోడల మీద, బస్టాండ్ల దగ్గర 'గుప్తరోగాలకు గ్యారంటీ' బోర్డులు చూస్తూనే ఉంటాం. లైంగిక శక్తి పెంచుతామని మందుకి ప్రకటన ఇవ్వడాన్ని 1954లోనే చట్టం నిషేధించింది. ఆ గోడ మీది రాతే నేరం, ఇక లోపల దొరికే వైద్యం సంగతి మీరే ఆలోచించండి. మూలికల పొడి అని అమ్మేవాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన సందర్భాలు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. 'ఆకు మందు కదా' అని సోర్బిట్రేట్ వాడే పెద్దాయన ధైర్యంగా మింగేస్తాడు. ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఆగదు.

టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు కూడా బలం సూదులు కావు. హార్మోను నిజంగా తక్కువ ఉందని రెండు పరీక్షల్లో తేలినవాళ్లకే. పిల్లలు కావాలనుకునేవాళ్లు అసలు వేయించుకోకూడదు, వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. మాత్రలు పనిచేయనివాళ్లకి గాలి తీసేసి రక్తాన్ని రప్పించే వాక్యూమ్ పంపు ఉంది, అంగానికి చేసుకునే ఇంజక్షన్లు ఉన్నాయి, చివరగా ఆపరేషన్ చేసి లోపల అమర్చే ఇంప్లాంట్ ఉంది. ఇవి యూరాలజిస్టు పని.

మందుల షాపువాడినై ఉండి చెబుతున్నాను, అన్నిటికన్నా చవకైన మందు నడక. వారానికి నాలుగు రోజులు, రోజుకి నలభై నిమిషాలు, చెమట పట్టేలా, ఆరు నెలలు చేస్తే స్తంభన మెరుగవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. లావుగా ఉన్నవాళ్ల మీద ఇటలీలో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లు తిండి, వ్యాయామం సరిచేసుకున్నవారిలో మూడోవంతు మందికి మందు లేకుండానే మామూలు స్థితి వచ్చింది. చుట్ట, బీడీ, ఖైనీ మానాలి. పొలం పని చేసేవాళ్లకి వేరే నడక అక్కర్లేకపోవచ్చు, పొగ మానడం మాత్రం తప్పదు.

ముందు మామూలు జనరల్ ఫిజీషియన్ దగ్గరికే వెళ్లండి. వీలైతే భార్యని తీసుకెళ్లండి. తనలోనే ఏదో లోపం ఉందని ఆమె లోలోపల కుమిలిపోతూ ఉండి ఉంటుంది. గదిలోకి వెళ్లాక మాట తడబడుతుందనుకుంటే చీటీ మీద రాసుకెళ్లి చేతిలో పెట్టండి: 'మూడు నెలలుగా అంగం సరిగా గట్టిపడటం లేదు. తెల్లవారుజామున కూడా తక్కువే. షుగరు, బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు.' డాక్టర్లకి ఇది రోజూ వినే మాటే. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ, నాటుమందు పొట్లంతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మాత్ర వేసుకున్న రోజు ఛాతీలో నొప్పి వస్తే సోర్బిట్రేట్ జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లు అడగకపోయినా, ఏ మాత్ర, ఎన్ని గంటలకి వేసుకున్నారో ముందు అదే చెప్పండి.